చేపల తొట్టెకూ తోడు పెట్టాలి!

సంక్రాంతి దగ్గరపడిందంటే కోనసీమ ఇళ్ళకు కొత్త కళ వస్తుంది. బూజులు దులుపుతారు. గోడలకు సున్నం వేస్తారు. అటకమీది ఇత్తడి సామాను దించి చింతపండు పెట్టి తళతళలాడేలా తోముతారు. రాజోలులో మా అక్కయ్యగారింట్లోనూ అదే హడావుడి. పెద్దవాళ్ళంతా ఇలా నడుం బిగిస్తే ఏడో తరగతి చదువుతున్న మా మేనల్లుడు ఊరుకుంటాడా? భోగికి అయిదు రోజుల ముందు వాడు తన చేపల తొట్టెను కడిగాడు.

అది 40 లీటర్ల అద్దాల తొట్టె. అందులో రెండు బంగారు చేపలు. దసరా సెలవుల్లో అమలాపురంలో కొని, నీళ్ళు నింపిన పాలిథీన్ సంచిలో ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాడు. తొట్టెలో ఒక మూల చిన్న స్పాంజి ఫిల్టరు. గాలి పంపు నుంచి సన్నని గొట్టం ద్వారా గాలి వచ్చి, బుడగలుగా పైకి పోతూ, నీటిని స్పాంజి గుండా లాగుతూ ఉంటుంది. కొత్తలో వాళ్ళమ్మ రోజు విడిచి రోజు సగం నీళ్ళు మార్పించేది. తరువాత తరువాత వారానికి ఒకసారి సరిపోయేది. మూడు నెలలు చేపలు హాయిగా ఉన్నాయి.

పండుగకని వాడు ఏం చేశాడో వినండి. చేపలను బకెట్లోకి మార్చాడు. తొట్టెలోని నీళ్ళన్నీ పారబోశాడు. గులకరాళ్ళను కుళాయి కింద పెట్టి రుద్ది రుద్ది కడిగాడు. స్పాంజి గోధుమరంగుగా, జిగటగా ఉంటే, దాన్ని తెల్లబడేదాకా పిండి, మేడమీద ఎండలో రెండు రోజులు ఆరబెట్టి మళ్ళీ తగిలించాడు. కొత్త నీళ్ళు పోశాడు. తొట్టె అద్దంలా మెరిసింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

భోగినాటి ఉదయం నేను బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి వాడు భోగిమంట దగ్గర లేడు. వసారాలో తొట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఒక చేప వెల్లకిలా తేలుతోంది. రెండోది నీటి పైకి వచ్చి, నోరు తెరుస్తూ మూస్తూ ఆయాసపడుతోంది.

“మావయ్యా! నీళ్ళు కాస్త పచ్చగా ఉన్నన్నాళ్ళూ రెండూ బాగానే ఉన్నాయి. ఇంత శుభ్రం చేశాక చచ్చిపోయిందేమిటి?” అన్నాడు వాడు, గొంతులో దుఃఖం ఆపుకుంటూ.

పిల్లలూ, ఆ ప్రశ్న చిన్నది కాదు. దానికి జవాబు తెలిస్తే రెండో చేపను బతికించుకోవచ్చు. పదండి, వెతుకుదాం.

తేటనీరంతా మంచినీరేనా?

వాళ్ళ బామ్మగారు వచ్చి తొట్టెలోకి తొంగి చూశారు. “నీళ్ళు కొబ్బరినీళ్ళలా తేటగా ఉన్నాయి కదరా! నీళ్ళలో దోషమేమీ లేదు” అన్నారు.

ఆమె అలా అనడానికి కారణం ఉంది. ఆమె చిన్నతనంలో గోదావరికి వరద వస్తే కాలువల్లోకి ఎర్రనీళ్ళు వచ్చేవి. ఆ నీళ్ళు బిందెతో తెచ్చి, కుండలో పోసేముందు కుండ లోపలివైపు చిల్లగింజను అరగదీసేవారు. కాసేపటికి ఎర్రమట్టి అంతా అడుగుకు దిగి, పైన తేటనీరు మిగిలేది. చిల్లగింజలోని పదార్థాలు సన్నని మట్టి రేణువులను ఒకదానికొకటి అంటుకునేట్టు చేస్తాయి. విడివిడిగా తేలుతూ ఉండే రేణువులు గుంపులై, బరువెక్కి, కిందికి దిగుతాయి. మన పెద్దలు అనుభవంతో కనిపెట్టిన చక్కని ఉపాయం ఇది.

కాని ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక గ్లాసు నీటిలో చెంచాడు మట్టి, చెంచాడు ఉప్పు వేసి కలపండి. నాలుగు మడతలు పెట్టిన గుడ్డలో వడగట్టండి. మట్టి చాలావరకు గుడ్డమీద నిలిచిపోతుంది. ఉప్పు మాటేమిటి? వడగట్టిన నీటిని వేలితో అద్ది, నాలుకకు చూపించి, ఉమ్మేయండి. ఉప్పగానే ఉంది కదూ? నీటిలో తేలే వస్తువును గుడ్డ ఆపుతుంది. నీటిలో కరిగిన వస్తువును ఆపలేదు. చిల్లగింజకూ అది చేతకాదు. కంటికి కనపడేది కూడా తేలే మురికే. కరిగిపోయింది కనపడదు.

మా మేనల్లుడి తొట్టెలో కూడా ఏదో కరిగి ఉంది. అదేమిటి?

కడుపులేని తిండిపోతు

బంగారు చేప మనకు కొత్తదైనా, దాని చుట్టాలు మనకు బాగా తెలిసినవే. బొచ్చె, శీలావతి, బంగారుతీగ ఇవన్నీ దాని కుటుంబానికి చెందినవే. చైనా దేశంలో వెయ్యేళ్ళ క్రితమే, బూడిదరంగు చేపల మధ్య అప్పుడప్పుడు పుట్టే ఎర్ర, పసుపు చేపలను ఏరి పెంచుతూ పోగా ఈ జాతి తయారయింది.

ఒక వింత చెప్పనా? బంగారు చేపకు జీర్ణాశయం లేదు! మనం తిన్న అన్నం కొన్ని గంటలపాటు జీర్ణాశయంలో నిలవ ఉంటుంది. ఈ చేపకు అటువంటి గిడ్డంగి లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. కాబట్టి అది రోజంతా ఏదో ఒకటి వెతుక్కుని తింటూనే ఉంటుంది, విసర్జిస్తూనే ఉంటుంది.

మనం తిన్న మాంసకృత్తులలోని నత్రజని శరీరంలో పనికిరాకుండా మిగిలితే, దాన్ని మన కాలేయం యూరియాగా మారుస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. చేపకు అంత శ్రమ అక్కరలేదు. చుట్టూ నీరే కదా! మిగిలిన నత్రజనిని అమ్మోనియా రూపంలో చాలావరకు మొప్పల ద్వారానే నీటిలోకి వదిలేస్తుంది. నదిలోనో చెరువులోనో అయితే అది ఎక్కడికో కొట్టుకుపోతుంది. నలభై లీటర్ల తొట్టెలో ఎక్కడికి పోతుంది?

కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క వేద్దాం. రెండు చిన్న చేపలకు రోజుకు 0.6 గ్రాముల మేత వేశామనుకోండి. మేతలో మాంసకృత్తులు నూటికి 40 వంతులు ఉంటే, అవి 240 మిల్లీగ్రాములు. మాంసకృత్తులలో నత్రజని నూటికి 16 వంతులు. అంటే సుమారు 38 మిల్లీగ్రాములు. ఇందులో దాదాపు సగం, అంటే 20 మిల్లీగ్రాముల వరకు, అమ్మోనియాగా నీటిలో చేరుతుందనుకుందాం. 20ని 40 లీటర్లతో భాగిస్తే లీటరుకు అర మిల్లీగ్రాము. ఇది ఒక్క రోజుకు. అయిదు రోజులకు? లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములు!

ఇది కేవలం కాగితం మీది లెక్క కాదని ఆ ఉదయమే రుజువయింది. మా అక్కయ్యగారి పక్కింటాయనకు రొయ్యల చెరువు ఉంది. రొయ్యల రైతుల దగ్గర నీటిని పరీక్షించే పెట్టెలు ఉంటాయి. గాజుగొట్టంలో కాస్త నీరు తీసుకుని, సీసాలలోని మందుచుక్కలు వేసి, వచ్చిన రంగును అట్టమీద అచ్చువేసిన రంగులతో పోల్చి చూస్తారు. ఆయన మా తొట్టెనీటిని పరీక్షించారు. రంగు రెండుకూ మూడుకూ మధ్య నిలిచింది.

“అమ్మోనియా ఎక్కేసిందండి బాబూ! మా రొయ్యలకైతే ఈపాటికి మేత ఆపేసి, నీళ్ళు మార్చేసి, ఏరేటర్లన్నీ తిప్పేసేవాళ్ళం, ఆయ్!” అన్నారాయన.

అమ్మోనియా నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. వాటిలో ఒకటి అంత ప్రమాదకరం కాదు. రెండోది మొప్పల గుండా సులభంగా శరీరంలోకి చొరబడి మొప్పలనూ నాడులనూ దెబ్బతీస్తుంది. ఏ రూపం ఎంత ఉండాలో నీటి వేడిమి, నీటి పి.హెచ్. నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, పి.హెచ్. 7 ఉన్న నీటిలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే పి.హెచ్. 8 అయితే నూటికి ఏడు వంతులు దాటుతుంది. అంటే ఒకే పరిమాణంలో ఉన్న అమ్మోనియా ఒక ఇంట్లో చేపను ఇబ్బంది పెట్టి ఊరుకుంటే, మరో ఇంట్లో చంపేయవచ్చు.

సరే, ఇంతకుముందు మూడు నెలలూ ఇంతే మేత వేశాడు కదా! ఆ అమ్మోనియా అంతా అప్పుడు ఏమయింది?

ఇసుక గొట్టంలో దాగిన రహస్యం

దీనికి జవాబు తెలుసుకోవాలంటే నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన గాజుతొట్టెలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను, కొన్ని నత్తలను కలిపి పెంచాడు. మొక్క చేపలకు ప్రాణవాయువు ఇస్తుందనీ, కుళ్ళిన ఆకులను నత్తలు తినేస్తాయనీ, ఇలా ఒకదానికొకటి సాయపడితే నీరు చెడిపోకుండా ఉంటుందనీ 1850లో ప్రకటించాడు. మొక్కలు వాడుకునే నత్రజనికీ, చేపలు వదిలే అమ్మోనియాకూ మధ్య మరో మెట్టు ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ మెట్టును 1877లో ఫ్రాన్సు దేశంలో ష్లోసింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు కనుక్కున్నారు. వారు ఒక పొడవాటి గాజుగొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి నింపి, పైనుంచి మురుగునీటిని చుక్కచుక్కగా పోశారు. ఇరవై రోజులవరకు ఏమీ జరగలేదు. పైన పోసిన అమ్మోనియా కిందనుంచి అలాగే వచ్చింది. ఆ తరువాత చిత్రంగా అమ్మోనియా తగ్గిపోతూ, దాని స్థానంలో నైట్రేటు రాసాగింది! ఇది మామూలు రసాయన చర్య అయితే మొదటి రోజే జరగాలి కదా, ఇరవై రోజులు ఎందుకు ఆగినట్టు? వారికి అనుమానం వచ్చింది. గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపారు. నైట్రేటు రావడం ఆగిపోయింది! క్లోరోఫారం పోయిన తరువాత కొంచెం తోటమట్టి కలిపిన నీరు పోశారు. మళ్ళీ మొదలయింది! క్లోరోఫారంతో ఆగిపోయేది, మట్టితో మళ్ళీ మొదలయ్యేది జీవం ఉన్నదే అయి ఉండాలి. ఆ గొట్టంలో ఇసుకరేణువులను అంటిపెట్టుకుని సూక్ష్మజీవులు పెరిగాయన్నమాట.

ఈ సంగతి తెలియగానే ఇంగ్లండులో దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేసిన శాస్త్రవేత్త ఎవరో తెలుసా? బంగారు చేపలను పెంచిన వారింగ్టన్‌గారి కొడుకే! ఆయన పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. ఈ పని రెండు మెట్లలో జరుగుతుందనీ, మెట్టుకో రకం సూక్ష్మజీవి ఉందనీ ఆయన చూపించాడు. అమ్మోనియాను ఒక రకం నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటును మరో రకం నైట్రేటుగా మారుస్తుంది. వాటిని విడదీసి పెంచడం మాత్రం ఆయనకు సాధ్యపడలేదు. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఆ పని సాధించాడు. రెండు మెట్లూ ఒక్కటే ఎక్కగల సూక్ష్మజీవులు కూడా ఉన్నాయని 2015లో బయటపడింది. అలాంటివి దొరికిన చోట్లలో చేపలు పెంచే ఒక కేంద్రంలోని ఫిల్టరు కూడా ఒకటి!

నైట్రైటు కూడా విషమే. అది రక్తంలో చేరితే రక్తం ప్రాణవాయువును మోయలేదు. ఎర్రని రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. చివరిదైన నైట్రేటు మాత్రం మరీ ఎక్కువైతే తప్ప హాని చేయదు. మొక్కలకైతే అది ఎరువు.

మన ఊళ్ళలోనూ ఇలాంటి ఇసుక ఉంది. కోనసీమలో అనేక చోట్ల ధవళేశ్వరం ఆనకట్టనుంచి వచ్చే కాలువ నీటిని పెద్ద చెరువుల్లో నింపి, ఇసుక పడకల గుండా నెమ్మదిగా వడగట్టి కుళాయిలకు పంపుతారు. కొన్నాళ్ళు వాడిన ఇసుక పడకపై ఒక జిగట పొర ఏర్పడుతుంది. అది మురికిలా కనిపిస్తుంది గాని, అందులో కోట్లాది సూక్ష్మజీవులు కాపురముంటాయి. నీటిని బాగుచేయడంలో పెద్దపాలు వాటిదే. 1892లో జర్మనీలోని హాంబర్గు నగరంలో కలరా చెలరేగి 8,500 మందికి పైగా చనిపోయారు. ఆ నగరం ఎల్బే నది నీటిని వడగట్టకుండా వాడుకునేది. పక్కనే ఉన్న ఆల్టోనా ఊరు అదే నదిలో ఇంకా దిగువన, హాంబర్గు మురుగు కలిసిన నీటిని తీసుకునేది. అయినా ఇసుక పడకలలో వడగట్టి వాడినందువల్ల అక్కడ కలరా చాలా తక్కువగా ఉంది.

కడిగేసింది మురికినా, కాపలావాళ్ళనా?

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మా మేనల్లుడి స్పాంజిని పట్టుకున్న గోధుమరంగు జిగట అంతా ఉత్త మురికి కాదు. మూడు నెలలపాటు పెరిగిన సూక్ష్మజీవుల బస్తీ అది. గులకరాళ్ళమీద, తొట్టె గోడలమీద కూడా అవే ఉన్నాయి. పగలూ రాత్రీ అమ్మోనియాను నైట్రేటుగా మార్చిపెట్టినవి అవే.

వాడు కుళాయి కింద స్పాంజిని పిండాడు. కుళాయి నీటిలో బ్లీచింగు పౌడరు కలిపి ఉంటుంది. అందులోని క్లోరిన్ ఉన్నది సూక్ష్మజీవులను చంపడానికే కదా! మిగిలినవేమైనా ఉంటే రెండు రోజుల ఎండకు ఎండిపోయాయి. రాళ్ళనూ వదల్లేదు. తొట్టె తళతళలాడింది, కాపలావాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

“మరి నీళ్ళు మార్చినా వాటితోపాటు సూక్ష్మజీవులు పోతాయి కదా?” అన్నాడు మా వాడు. మంచి ప్రశ్న. ఈ జీవులు నీటిలో ఈదుతూ తిరిగేది తక్కువ. ఏదో ఒక గరుకు తలాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. అందుకే నీటిలో సగం మార్చినా నష్టం లేదు. స్పాంజిని చంపుకుంటేనే నష్టం.

“అవి మళ్ళీ పుట్టవా?” పుడతాయి. కాని తొందరపడవు. అమ్మ రాత్రి పాలలో చెంచాడు పెరుగు తోడు వేస్తే తెల్లవారేసరికి గడ్డపెరుగు అవుతుంది కదా! పెరుగులోని సూక్ష్మజీవులు అంత చురుకైనవి. అమ్మోనియాను తినే ఈ జీవులు సోమరులు. ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. కొత్త తొట్టె స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దసరా తరువాతి నెలలో వాళ్ళమ్మ రోజు విడిచి రోజు నీళ్ళు మార్పించడం వల్లనే చేపలు ఆ గండం దాటాయి.

తోడు లేకుండా పాలు పెరుగు కావడానికి ఎంతసేపు పడుతుందో, తోడు ఉంటే ఎంత తొందరగా అవుతుందో మీకు తెలుసు. చేపల తొట్టెకూ తోడు పెట్టవచ్చు! ఆరోగ్యంగా ఉన్న మరో తొట్టెలోంచి వాడిన స్పాంజి ముక్కో, గుప్పెడు గులకరాళ్ళో తెచ్చి మన ఫిల్టరులో ఉంచితే చాలు. అవి తడి ఆరకుండా, ఆ తొట్టె నీళ్ళలోనే ముంచి తేవాలి. చేపలకు రోగాలున్న తొట్టెనుంచి మాత్రం తేకూడదు.

ఫిల్టరు చేసే మూడు పనులు

మొదటి పని, తేలే మురికిని ఆపడం. స్పాంజి, దూది ఈ పని చేస్తాయి. కాని ఆగిన మురికి తొట్టెలోనే కుళ్ళుతూ ఉంటుంది. దాన్ని మనం తీసేయాలి.

రెండో పని, కరిగిన విషాన్ని మార్చడం. ఇది సూక్ష్మజీవుల పని. వాటికి నిలవడానికి చోటు, తినడానికి అమ్మోనియా, పీల్చడానికి ప్రాణవాయువు కావాలి. పాత కుండపెంకులు, ఇంటిపెంకుల ముక్కలు సన్నని రంధ్రాలతో గరుకుగా ఉంటాయి కాబట్టి వాటికి మంచి ఇళ్ళు. బంగారు చేప లాంటి తిండిపోతుకు ఈ రెండో పనే ముఖ్యం.

మూడో పని, రంగును, వాసనను పీల్చుకోవడం. దీనికి ఉత్తేజిత బొగ్గును వాడతారు. మన కోనసీమ కొబ్బరిచిప్పలు దీనికి శ్రేష్ఠమైన ముడిసరుకు. చిప్పలను బొగ్గుచేసి, బాగా వేడిమీద ఆవిరి పంపితే లోపల లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు పడతాయి. ఒక గ్రాము బొగ్గులోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే దాదాపు వెయ్యి చదరపు మీటర్లు, అంటే పాతిక సెంట్ల కొబ్బరితోటంత ఉంటాయి! అయినా ఈ బొగ్గు అమ్మోనియాను పెద్దగా పట్టుకోలేదు. కాబట్టి బొగ్గు లేకపోయినా తొట్టె నడుస్తుంది; సూక్ష్మజీవులు లేకపోతే నడవదు.

మీరే తయారు చేయండి

కావలసినవి: వెడల్పు మూతిగల ప్లాస్టిక్ డబ్బా ఒకటి, వేలి లావు ప్లాస్టిక్ గొట్టం, సన్నని గాలిగొట్టం, చిన్న గాలి పంపు, గోళీలంత కుండపెంకు ముక్కలు, సబ్బు తగలని స్పాంజి.

మూత మధ్యలో గొట్టం పట్టేంత రంధ్రం, చుట్టూ చిన్న రంధ్రాలు చేయండి. గొట్టాన్ని డబ్బా అడుగుకు ఒక సెంటీమీటరు పైదాకా దించండి. గొట్టం చుట్టూ కడిగిన పెంకు ముక్కలు నింపి, వాటిమీద స్పాంజి పరిచి, మూత బిగించండి. సన్నని గాలిగొట్టాన్ని లావు గొట్టం లోపల అడుగుదాకా పంపండి. డబ్బాను తొట్టె అడుగున ఉంచి పంపు నడపండి. బుడగలు గొట్టంలో పైకి వస్తూ నీటిని తమతో తెస్తాయి. ఆ నీటి స్థానంలోకి మూత రంధ్రాల గుండా కొత్త నీరు స్పాంజినీ పెంకులనూ దాటి వస్తుంది. తిరిగే చక్రం ఒక్కటీ లేకుండా నీటిని ఎత్తే యంత్రం సిద్ధం!

గాలి పంపును ఎప్పుడూ తొట్టె నీటిమట్టానికి పైన ఉంచండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపులో చేరుతుంది. ప్లగ్గు పెట్టే పని, తీసే పని పెద్దవాళ్ళచేత చేయించండి. తడిచేతులతో ముట్టుకోవద్దు.

చేపలు పెంచేవారు గుర్తుంచుకోవలసినవి

తొట్టె పెద్దదిగా ఉండాలి. బంగారు చేప అరచేతికి మించి ఎదుగుతుంది; సరిగా చూసుకుంటే పది పదిహేనేళ్ళు బతుకుతుంది. ఇంగ్లండులో ఒక బంగారు చేప 43 ఏళ్ళు బతికి 1999లో చనిపోయింది. ఒక్క చేపకు కనీసం 40 లీటర్లు, వీలైతే 70 లీటర్లు ఉండాలి. గుండ్రని చిన్న గాజుబుడ్డి దానికి చెరసాలే. మా మేనల్లుడి తొట్టె కూడా రెండు చేపలకు ఇరుకే.

గంటకు తొట్టెడు నీరు నాలుగైదుసార్లైనా ఫిల్టరు గుండా తిరగాలి.

వారానికి ఒకసారి పావు వంతు నీరు మార్చండి. మిగిలిపోయిన నైట్రేటు పోవడానికి ఇదే దారి. కొత్త నీటిని వెడల్పాటి బకెట్లో ఒక రోజంతా ఆరుబయట నిలవ ఉంచితే బ్లీచింగు క్లోరిన్ పోతుంది. ఆ తరువాతే తొట్టెలో పోయండి.

స్పాంజిలో మురికి పేరుకుంటే, తొట్టెలోంచి తీసిన నీటిలోనే మెల్లగా రెండుమూడుసార్లు పిండండి. కుళాయి, సబ్బు, ఎండ దానికి పనికిరావు. ఫిల్టరునూ రాళ్ళనూ ఒకే రోజు కడగకండి.

మేత రెండు నిమిషాలలో తినగలిగినంతే వేయండి. మిగిలిన మేత కూడా అమ్మోనియాగానే మారుతుంది.

ఎండాకాలంలో మరింత జాగ్రత్త అవసరం. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే. చేపకూ, సూక్ష్మజీవులకూ ఆ ప్రాణవాయువే ఆధారం. కరెంటు ఎక్కువసేపు పోతే మేత ఆపి, చెంబుతో తొట్టెనీటినే ఎత్తి మళ్ళీ అందులోనే పోస్తూ ఉండండి. నీరు పైనుంచి పడినప్పుడు గాలి కలుస్తుంది.

పెంచలేకపోతే ఎవరికైనా ఇవ్వండి. కాలువలోనో చెరువులోనో వదలకండి. పరాయి చేప మన నీళ్ళలో చేరితే ఇక్కడి చేపలకు చేటు.

రెండో చేప ఏమయింది?

భోగినాడే మేత ఆపేశాం. ముందురోజు బకెట్లో పట్టి ఉంచిన నీళ్ళు ఇంట్లో ఉండడం అదృష్టం. సగం నీరు మార్చాం. మర్నాడూ మార్చాం. నైట్రైటు పెరిగితే కాపాడుతుందని లీటరుకు ఒక గ్రాము చొప్పున ఉప్పు కరిగించి పోశాం. ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పల్లోకి చొరబడకుండా అడ్డుకుంటుంది. కనుమనాడు మా వాడు తన బళ్ళో స్నేహితుడి ఇంటికి పరిగెత్తి, వాళ్ళ తొట్టెలోంచి సగం స్పాంజి, మూతడబ్బాలో ఆ నీళ్ళతోనే తెచ్చాడు. అది తెల్లగా లేదు. గోధుమరంగుగా, జిగటగా ఉంది. దాన్ని చూసి వాడి ముఖం వెలిగిపోయింది!

మూడు వారాల తరువాత వాడు ఫోను చేశాడు. పక్కింటాయన మళ్ళీ పరీక్షించారట. అమ్మోనియా రంగు రాలేదు, నైట్రైటు రంగూ రాలేదు. చేప ఉత్సాహంగా ఉందట.

“మావయ్యా, ఇన్నాళ్ళూ నేను రెండు చేపలను పెంచుతున్నాననుకున్నాను. స్పాంజిలో ఉన్నవాటిని కూడా నేనే పెంచాలని తెలియలేదు” అన్నాడు.

“తెలిసింది కదా! మరి వచ్చే సంక్రాంతికి ఏం చేస్తావు?”

“ఇల్లంతా కడిగినా ఫిల్టరు జోలికి పోను. అమ్మకు కూడా చెప్పేశాను!”

ఆలోచించి చెప్పండి

1. స్పాంజిని నీడలోనే, కాని పూర్తిగా ఆరేదాకా ఉంచితే ఏమవుతుంది?

2. ష్లోసింగ్, మ్యుంట్జ్ గొట్టంలో మొదటి ఇరవై రోజులూ నైట్రేటు ఎందుకు రాలేదు?

3. రెండు తొట్టెలలో అమ్మోనియా ఒకే మోతాదులో ఉంది. ఒకదాని పి.హెచ్. 7, రెండోదాని పి.హెచ్. 8. ఏ తొట్టెలోని చేపకు ముందు నీళ్ళు మార్చాలి?